దారిలో చేసిన రిపేరు: పాత లారీ రేడియేటరు, బ్రేకులపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మా తాతగారు 1953లో కొన్న షెవర్లే లారీ మా దొడ్లో రేకుల షెడ్డు కింద ఇరవై ఏళ్లుగా నిలిచి ఉంది. తొలి రోజుల్లో సైదాపురం గనుల నుంచి గూడూరు స్టేషనుకు అభ్రకం తోలిందనీ, తరువాత నిమ్మకాయల బస్తాలు మోసిందనీ మా నాన్నగారు చెబుతారు. మధ్యలో ఎప్పుడో పెట్రోలు ఇంజను తీసివేసి పెర్కిన్స్ పీ6 డీజిల్ ఇంజను వేయించారు. నిరుడు ఇంజనును బాగుచేయించి స్టార్టు చేశాము. ఇప్పుడు బాధలు రెండు. రేడియేటరును చాసీకి ఇనుప పట్టీలతో వెల్డింగు చేసి ఉన్నారు. కింది ట్యాంకు పక్కన మూడుసార్లు మాటు వేయించినా అక్కడే పగిలి నీళ్లు కారుతున్నాయి. రెండవది, బ్రేకు పెడలు రాయిలా ఉంటోంది. నాలుగైదు కిలోమీటర్లు పోయేసరికి నాలుగు చక్రాలూ పట్టేసి డ్రమ్ములు కాలిపోతున్నాయి. అరగంట ఆపితే వాటంతట అవే వదులుతున్నాయి. క్యాబిన్ కింద ఉన్న, బ్రేకు నొక్కే కాలికి సాయం చేసే బూస్టరుకు పోయే సన్న పైపు దేనికీ కలపకుండా, మూతిలో గుడ్డముక్క కుక్కి ఉంది. మా మేస్త్రి ఇంకా లావు పట్టీ వేసి రేడియేటరును గట్టిగా బిగిద్దామనీ, పాత బ్రేకులు తీసేసి ఎయిర్ బ్రేకులు పెడదామనీ అంటున్నారు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, పొదలకూరు

జవాబు: మీరు రాసిన వివరాలలో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడినది ఆ గుడ్డముక్క. రేడియేటరు పగలడానికీ, పెడలు బిగుసుకోవడానికీ, చక్రాలు పట్టేయడానికీ మూలం ఎక్కడ ఉందో అది చెబుతోంది. ఇంజను మార్చిన రోజున ఎవరో బండి మళ్లీ రోడ్డెక్కడానికి ఎంత అవసరమో అంత పని చేసి, మిగిలింది తరువాత చూద్దామనుకున్నారు. ఆ తరువాత అనేది రాలేదు. లోడు దారిలో నిలిచిపోయిన రాత్రి అలాంటి పని చేసిన మేస్త్రిని నేను తప్పుపట్టను, నేనూ చేశాను. అయితే ఊరు చేరడానికి చేసిన రిపేరును ఊరు చేరాక విప్పి, అసలు పని చేయాలి. మీ లారీకి ఇప్పుడు జరగవలసింది అదే. మీ మేస్త్రి గారు చెప్పిన రెండు సలహాలూ ఆ పాత రిపేరునే ఇంకా పెద్దది చేస్తాయి కాబట్టి రెండింటినీ వద్దనే చెబుతాను.

ముందు బండి సంగతి కొంచెం తెలుసుకోవాలి, ఎందుకంటే కొలతలన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. జనరల్ మోటార్స్ వారు 1928 నుంచి బొంబాయిలోని శివడీలో కార్లను, లారీలను బిగించి అమ్మి, 1954లో ఆ పని ఆపివేశారు. మీ బండి ఆ చివరి ఏళ్లది. దాని బోల్టులు, బ్రేకు పైపు నట్లు, సిలిండర్ల బోర్లు (లోపలి రంధ్రాలు) అన్నీ అంగుళాల కొలతలోనే ఉంటాయి. మద్రాసులో సింప్సన్ కంపెనీ పెర్కిన్స్ ఇంజన్లు తయారుచేయడం మొదలుపెట్టాక, పెట్రోలు ఖర్చు భరించలేని యజమానులు జీఎన్‌టీ రోడ్డు (మద్రాసు నుంచి కలకత్తాకు పోయే పాత పెద్ద రోడ్డు) మీద తిరిగే పాత లారీలకు ఈ మార్పిడి చేయించుకునేవారు. పీ6 మంచి ఇంజనే. కానీ అది పాత పెట్రోలు ఇంజను కన్నా బరువైనది, ఎక్కువ అదిరేది. దాని ఫ్యాను కూడా పాత ఫ్యాను ఉన్న చోటే ఉండదు. అందువల్ల రేడియేటరును దాని అసలు స్థానం నుంచి జరపవలసి వస్తుంది. జరిపినప్పుడు రబ్బరు ప్యాడులు, స్ప్రింగులు పక్కన పడిపోతాయి, వాటి బదులు ఇనుప పట్టీ వస్తుంది.

ఇక రేడియేటరు ఎందుకు పగులుతోందో చూద్దాం. ఆ రేడియేటరు ట్యాంకులు ఇత్తడివి, గొట్టాలూ రెక్కలూ రాగివి, వాటిని కలిపి ఉంచేది టంకం. టంకం నీళ్లను ఆపగలదు గానీ బరువును మోయలేదు, మెలికను అసలే తట్టుకోలేదు. లారీ చాసీ మెలి తిరగడానికే తయారైంది. ఒక చక్రం గుంతలో, ఇంకొకటి గట్టు మీద ఉన్నప్పుడు చాసీ కొంత తిరిగితేనే నాలుగు చక్రాలూ నేలను పట్టుకుంటాయి. అలా తిరిగే చాసీకి రేడియేటరును రెండు పక్కలా వెల్డింగు చేస్తే, తిరిగిన ప్రతిసారీ ఆ మెలిక అంతా వచ్చి అన్నిటికన్నా మెత్తని చోట, అంటే మీరు మాటు వేయించిన చోటే పడుతుంది. పట్టీ ఎంత లావు చేస్తే మెలిక అంత పూర్తిగా ట్యాంకుకు చేరుతుంది. నాలుగోసారి మాటు వేయించినా ఫలితం ఇదే.

ఈ మాట నమ్మడానికి నా లెక్కలు అక్కరలేదు, మీ దొడ్లోనే చూడవచ్చు. చదునైన నేల మీద బండిని నిలిపి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా దిమ్మలు పెట్టి, రేడియేటరు చుట్టూ ఉన్న రేకుకూ బానెట్ అంచుకూ మధ్య సందును రెండు వైపులా కొలిచి సుద్దతో రాసుకోండి. తరువాత కుడి ముందు చక్రం కింద జాకీ పెట్టి ఆరంగుళాలు ఎత్తి, కొయ్య దిమ్మ పెట్టి దించండి. మళ్లీ కొలవండి. ఒక వైపు సందు పెరిగి రెండో వైపు తగ్గి ఉంటుంది. సుద్ద గీతల మధ్య వచ్చిన ఆ తేడాను రోడ్డు మీద ఇంతకాలం మీ టంకమే భరిస్తూ వచ్చింది.

పని ఇలా మొదలుపెట్టండి. రేడియేటరును ముందు పూర్తిగా దించి ఇంటి లోపల పెట్టండి. అది బండి మీద ఉండగా దాని దగ్గర గ్యాసు కటింగు గానీ, వెల్డింగు గానీ చేయనివ్వకండి, ఆ వేడికే ఇంకో చోట టంకం జారుతుంది. బ్యాటరీ వైరు కూడా విప్పి ఉంచండి. పట్టీలను కోసి, చాసీ ముందు క్రాస్ మెంబరును, అంటే అడ్డ దూలాన్ని, వైరు బ్రష్షుతో లోహం కనబడేదాకా రుద్దండి. నెల్లూరు తీరపు ఉప్పుగాలికి పేరుకున్న తుప్పు కిందా, గ్రీజు కిందా అసలు రంధ్రాల జాడలు చాలావరకు దొరుకుతాయి. రంధ్రం చుట్టూ గుండ్రంగా లేక చతురస్రంగా నున్నటి మచ్చ కనబడితే అక్కడ రబ్బరు ప్యాడు కూర్చుని ఉండేదని అర్థం. ఆ జాడే మీకు మాన్యువల్. కొత్త ఇంజను వల్ల స్థానం జరపవలసి వచ్చినా, బరువు ఎక్కడ మోపారో, ఎన్ని చోట్ల పట్టుకున్నారో దాని నుంచే నేర్చుకోవాలి.

రేడియేటరు బరువును ట్యాంకు మీద పడనివ్వకుండా మోయడానికి దాని కింద ఒక ఇనుప చట్రం చేయించండి. నలభై మిల్లీమీటర్ల యాంగిలుతో ఆంగ్ల అక్షరం యూ ఆకారంలో చేస్తే సరిపోతుంది. రేడియేటరు రెండు పక్కల పట్టీలు ఆ చట్రానికి బోల్టులతో కలవాలి, చట్రం మాత్రమే చాసీ మీద కూర్చోవాలి. చట్రానికీ క్రాస్ మెంబరుకూ మధ్య, మోపే రెండు చోట్లా, పది పన్నెండు మిల్లీమీటర్ల మందం గల రబ్బరు ప్యాడు ఉండాలి. చాలామంది పాత టైరు కోసి వేస్తారు. అందులో నూలు పొర ఉండటం వల్ల అది కొయ్యలా గట్టిగా ఉంటుంది. పొర లేని మందపాటి రబ్బరు షీటు కొని కోయించండి. బోల్టు పైనుంచి చట్రం, ప్యాడు, క్రాస్ మెంబరు అన్నిటి గుండా దిగి, కింద ఒక చిన్న ప్యాడు, వాషరు, స్ప్రింగు, ఆ తరువాత గాడులు ఉన్న నట్టు రావాలి. స్ప్రింగు సుమారు మూడో వంతు నొక్కుకునే వరకు నట్టు తిప్పి, అక్కడ స్ప్లిట్ పిన్ను వేయండి. ఇక్కడే చాలామంది చేయి ఆగదు. వదులుగా ఉందనిపించి స్పానరుకు ఇంకో రెండు చుట్లు వేస్తారు. స్ప్రింగు పూర్తిగా నొక్కుకుంటే అది స్ప్రింగు కాదు, గట్టి ఇనుప ముక్క. మళ్లీ మొదటికే వస్తాము. నట్టు వదులు కాకుండా చూసే పని స్ప్లిట్ పిన్నుది, బిగువుది కాదు.

రేడియేటరు ముందుకూ వెనుకకూ ఊగకుండా పై భాగం నుంచి క్యాబిన్ ముందు గోడకు రెండు సన్న కడ్డీలు ఉండాలి. వాటి రెండు కొసలకూ రబ్బరు బుష్షులు వేయండి. రేడియేటరును ముందుగా దాని బరువుతో అదే నిలబడనిచ్చి, తరువాత కడ్డీ పొడవును దానికి సరిపెట్టాలి. కడ్డీతో రేడియేటరును లాగి నిలబెట్టకూడదు. నీటి గొట్టాల సంగతి కూడా మరవకండి. ఇంజను స్థానం మారిన బండ్లలో దూరం కలపడానికి ఇనుప గొట్టం వేసి రెండు కొసల్లో అంగుళం రబ్బరు మాత్రమే వదులుతారు. అప్పుడు ఇంజను అదురు నేరుగా ట్యాంకు మెడకు చేరుతుంది. రెండు మూడు అంగుళాల రబ్బరు అయినా ఖాళీగా, వంగేటట్టు ఉండాలి.

ఫ్యానుకూ రేడియేటరుకూ మధ్య సుమారు అంగుళం సందు ఉంచండి. ఈ కొలతకు మీ బ్రేకులతో సంబంధం ఉంది. ఇప్పుడు మీ బండి గట్టిగా ఆగడం లేదు కాబట్టి తెలియడం లేదు. బ్రేకులు బాగైన తరువాత ఒక్కసారి గట్టిగా నొక్కితే, అంత బరువైన ఇంజను తన రబ్బరు మౌంటింగుల మీద ముందుకు జరుగుతుంది. మౌంటింగులు పాతవై మెత్తబడి ఉంటే ఫ్యాను రెక్క రేడియేటరును కొరుకుతుంది. ఇంజను ఆపి ఉండగా గడ్డపారను ఇంజనుకూ క్రాస్ మెంబరుకూ మధ్య ఆనించి మెల్లగా ముందుకు నెట్టి, సందు ఎంత తగ్గుతుందో కొలవండి. సగానికి సగం తగ్గితే మౌంటింగులు మార్చకుండా బండిని రోడ్డు మీదికి తేవద్దు.

అంతా బిగించాక చేసే పరీక్ష ఒకటి ఉంది. నేను పని నేర్చుకున్న షెడ్డు నెల్లూరులో జీఎన్‌టీ రోడ్డు పక్కనే ఉండేది. అక్కడి పెద్ద మేస్త్రి ఇంజను తిరుగుతుండగా ఫ్యాను నుంచి దూరంగా, బండి ముందు వైపు నన్ను నిలబెట్టి, ఒక అరచేయి చాసీ కొస మీద, ఇంకొకటి రేడియేటరు పై ట్యాంకు పక్కన పెట్టించేవారు. చాసీ మీద ఉన్న చేయి జివ్వుమని లాగుతుంది. ట్యాంకు మీద చేతికి ఆ సన్నని వణుకు తెలియకుండా, మెల్లగా ఊగుతున్నట్టు మాత్రమే ఉంటే పని సరిగా జరిగినట్టు. రెండు చేతులూ ఒకేలా జివ్వుమంటే ఎక్కడో ఇనుము ఇనుమును తాకుతోందన్నమాట, వెతికి పట్టుకోవాలి. నలభై ఏళ్ల తరువాత కూడా నేను ఆ రెండు అరచేతులనే నమ్ముతాను.

ఇప్పుడు బ్రేకులు. ఎయిర్ బ్రేకులు మంచివే అయినా మీ బండికి కంప్రెసరు, ట్యాంకు, చాంబర్లు, వాటికి తగిన యాక్సిళ్లు, డ్రమ్ము లోపల ఒత్తే షూలు అన్నీ కావాలి. కొత్త వ్యవస్థను పాత డ్రమ్ముల మీద అతికించడం ప్రాణాలతో చేసే ప్రయోగం. హైడ్రాలిక్ బ్రేకులు సరిగా ఉంటే ఆ లారీని ఆపడానికి చాలు. అది వాటితోనే పుట్టింది.

పెడలు రాయిలా ఉండటానికి కారణం ఆ గుడ్డముక్క ఉన్న పైపే. మీ బూస్టరు పనిచేయడానికి వాక్యూమ్, అంటే గాలి లాగేసిన ఖాళీ, కావాలి. పెట్రోలు ఇంజనులో గాలిని కార్బురేటరు మూత అడ్డుకోవడం వల్ల మానిఫోల్డులో, అంటే ఇంజనుకు గాలి పోయే గొట్టంలో, వాక్యూమ్ దానంతట అదే పుడుతుంది, దాన్నే సన్న పైపుతో బూస్టరుకు ఇచ్చారు. డీజిల్ ఇంజను మానిఫోల్డులో బూస్టరుకు చాలినంత వాక్యూమ్ పుట్టదు. ఇంజను మార్చినప్పుడే దానికి వేరుగా వాక్యూమ్ పంపు పెట్టవలసింది. అది పెట్టకుండా, దుమ్ము పోకుండా గుడ్డ కుక్కి వదిలారు. ఆనాటి నుంచి మీ డ్రైవర్లు కాలి బలంతోనే బండిని ఆపుతూ వచ్చారు. ఇప్పుడు దీనికి సులువైన దారి ఉంది. చిన్న డీజిల్ వాహనాలలో ఆల్టర్నేటరు వెనుకనే వాక్యూమ్ పంపు ఉండే రకం వస్తుంది. దాన్ని ఫ్యాను బెల్టుకు తగిలించవచ్చు. ఆ పంపుకు ఇంజను నుంచి ఆయిలు వచ్చే పైపు, తిరిగి ఆయిలు దిగే లావు పైపు రెండూ తప్పనిసరి. ఆయిలు అందకపోతే త్వరలోనే పట్టేస్తుంది. పంపుకూ బూస్టరుకూ మధ్య ఒక చిన్న ట్యాంకు, వెనక్కు గాలి పోనివ్వని వాల్వు పెడితే, ఇంజను ఆగిపోయినా రెండు మూడు సార్లు నొక్కడానికి వాక్యూమ్ మిగిలి ఉంటుంది. పని అయ్యాక ఇలా చూడండి: ఇంజను ఆపి పెడలును నాలుగైదు సార్లు నొక్కి వాక్యూమ్ అంతా ఖర్చుచేసి, కాలు అలాగే నొక్కి ఉంచి ఇంజను స్టార్టు చేస్తే, పెడలు కాలి కింద కొంచెం దిగాలి. దిగితే బూస్టరు సాయం చేస్తున్నట్టు.

చక్రాలు పట్టేయడం వేరే తప్పు. ఒక్క చక్రమే పట్టేస్తే ఆ చక్రపు సిలిండరును, షూ స్ప్రింగులను, లోపల ఉబ్బిపోయి ఆయిలును తిరిగి రానివ్వని రబ్బరు హోసును అనుమానించాలి. నాలుగూ ఒకేసారి పట్టేసి, చల్లారాక వదులుతున్నాయంటే తప్పు అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న చోట ఉంది. పెడలు నొక్కగానే ఆయిలును చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండరు లోపల, ఆయిలు డబ్బా అడుగున, సూదిమొన అంత చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. కాలు తీయగానే పిస్టను పూర్తిగా వెనక్కు వచ్చి ఆ రంధ్రాన్ని తెరవాలి. వేడికి వ్యాకోచించిన ఆయిలు దాని గుండానే డబ్బాలోకి తిరిగి వెళ్తుంది. పెడలు నుంచి పిస్టనును నెట్టే పుష్ రాడ్డు పొడవు ఎక్కువైతే పిస్టను వెనక్కు రాదు, రంధ్రం మూసుకునే ఉంటుంది. పోయే దారి లేక వేడి ఆయిలు షూలను డ్రమ్ముకు ఒత్తుతుంది, ఆ రాపిడికి ఇంకా వేడెక్కుతుంది, ఇంకా ఒత్తుతుంది. షూలు అరిగి పెడలు కిందికి పోతున్నప్పుడు, షూలు మార్చడానికి సమయం లేని ఎవరో పుష్ రాడ్డును పొడిగించి పెడలును పైకి తెచ్చి ఉంటారు. ఇది కూడా దారిలో చేసిన రిపేరే.

నిర్ధారించుకోవడానికి, చక్రాలు పట్టేసి ఉన్నప్పుడు బండి కదలకుండా దిమ్మలు పెట్టి, మాస్టర్ సిలిండరు నుంచి బయటికి వచ్చే పైపు నట్టును కొద్దిగా వదులు చేయండి. ఆయిలు చిమ్మి చక్రాలు వదిలితే తప్పు మాస్టర్ సిలిండరులో గానీ పెడలులో గానీ ఉంది. అలా వదలకుండా, బూస్టరు తరువాతి నట్టు విప్పితే వదిలినట్టయితే బూస్టరు లోపలి పిస్టను ఇరుక్కుంటోంది. మొదటిది అయితే, చేత్తో పెడలును నొక్కినప్పుడు పుష్ రాడ్డు పిస్టనును తాకే ముందు పావు అంగుళం నుంచి అర అంగుళం వరకు ఖాళీ ఆట ఉండేటట్టు రాడ్డును సరిచేయండి. తరువాత డబ్బా మూత తీసి, టార్చి లైటు వేసి చూస్తూ, ఇంకొకరిచేత పెడలును చాలా మెల్లగా నొక్కించండి. ఆయిలు అడుగు నుంచి సన్నని ఊట ఒకటి ఎగదన్నాలి. అది కనబడితే రంధ్రం తెరిచి ఉన్నట్టే. కనబడకపోతే రంధ్రంలో మురికి చేరింది. సిలిండరు విప్పి సన్నని తీగతో శుభ్రం చేయాలే తప్ప డ్రిల్లుతో పెద్దది చేయకూడదు. పెద్దదైతే రబ్బరు కప్పు అంచు అందులో చిక్కి తెగుతుంది.

ఇరవై ఏళ్లు నిలిచిన బండి కాబట్టి ఇంతటితో ఆగకండి. నాలుగు చక్రాల సిలిండర్లు, మాస్టర్ సిలిండరు, రబ్బరు హోసులు, ఇనుప పైపులు అన్నిటినీ ఒకే విడతలో చూడాలి. ఒక సిలిండరుకు కొత్త కిట్టు వేసి మిగతావి వదిలితే బండి ఒక పక్కకు లాగుతుంది, కొత్త ఒత్తిడికి పాతది ఇంకొకటి కారుతుంది. సిలిండరు బోరులో గోరు పెట్టి తిప్పండి. గోరుకు గుంటలు తగిలితే కొత్త కప్పులు వేసినా నిలవవు. లేతు మీద బోరు పెంచి, స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవు ఎక్కించి, మళ్లీ అసలు కొలతకే తెప్పించండి. ఒకే యాక్సిల్ మీది రెండు సిలిండర్ల కొలత ఒక్కటే ఉండాలి.

పైపుల విషయంలో రెండు హెచ్చరికలు. రాగి గొట్టం వంచడానికి సులువని షాపు వారు ఇవ్వజూపుతారు. అదురుకు అది గట్టిపడి పగులుతుంది, కాబట్టి బ్రేకులకు వాడే స్టీలు గొట్టమే అడగండి. కొసలను రెండు మడతల ఫ్లేరు చేయించండి, అంటే అంచును గరాటులా విప్పి మడిపించండి. రెండవది నట్లు. 3/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 24 చుట్లు ఉన్న పాత నట్టు, 10 మిల్లీమీటర్ల కొత్త రంధ్రంలో ఎక్కుతుంది, బిగిసినట్టే కూడా ఉంటుంది. నిజానికి అది చుట్ల కొనలను మాత్రమే పట్టుకుని ఉంటుంది. గట్టిగా నొక్కిన రోజున ఊడుతుంది. దేనికి ఏది సరిపోతుందో చుట్ల గేజితో చూసుకోనిదే ఏ నట్టూ ఎక్కించకండి.

షూలకు లైనింగు వేసేటప్పుడు రివిట్లను మధ్యలో మొదలుపెట్టి కొసల వైపు కొడుతూ పోవాలి, అప్పుడే లైనింగు షూకు ఎక్కడా సందు లేకుండా అతుక్కుంటుంది. డ్రమ్మును లేతు మీద పట్టిస్తే దాని అసలు వ్యాసం కన్నా 60 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మించి పెరగనివ్వకండి. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ము విప్పగానే గాలి కొట్టి దుమ్ము ఎగరేసే అలవాటు మన షెడ్డులన్నిటిలో ఉంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులలో చేరితే తిరిగి రాదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి. పక్కన పిల్లలను నిలబడనివ్వకండి. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

చివరగా గాలి తీయడం. ముందు బూస్టరు దగ్గర, ఆ తరువాత మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న చక్రం నుంచి దగ్గరికి రావాలి. మన కుడి స్టీరింగు బండికి వెనుక ఎడమ, వెనుక కుడి, ముందు ఎడమ, ముందు కుడి అనేది వరుస. సీసాలో కొత్త డాట్ 3 లేదా డాట్ 4 ఆయిలే ఉండాలి. సిలిండర్లను డీజిలుతో గానీ పెట్రోలుతో గానీ కడగవద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. స్పిరిటుతో గానీ బ్రేకు ఆయిలుతోనే గానీ కడగండి. మీ తాతగారి కాలంలో డ్రైవర్లు బ్రేకులో ఆముదం పోసేవారని మీరు విని ఉంటారు. అది కట్టుకథ కాదు, తొలినాళ్ల బ్రేకు ఆయిలు ఆముదాన్ని ఆల్కహాలుతో కలిపి చేసిందే. నేటి ఆయిలు వేరు, రెంటినీ కలపకూడదు. నేటి ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి, బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకొకసారి మార్చండి.

ప్రశ్న: మా దగ్గరా ఒక పాత లారీ ఉంది. ఊరేగింపులకు, పెళ్లిళ్లకు తిప్పుతున్నాము. పది కిలోమీటర్లకే నీళ్లు మరుగుతున్నాయి. మరగకుండా ఉంటుందని కొత్త కార్లకు వచ్చే ప్రెషరు మూత పెట్టాము. ఇప్పుడు పై ట్యాంకు అతుకు దగ్గర చెమ్మ కనబడుతోంది. బోరు నీళ్లే పోస్తున్నాము.
– ఒక పాఠకురాలు, కనిగిరి

జవాబు: ఆ మూతను ఈ రోజే తీసివేయండి. కొత్త కార్ల మూత చదరపు అంగుళానికి 13 నుంచి 15 పౌనుల వరకు ఒత్తిడిని లోపల ఆపుతుంది. మీ రేడియేటరు ఆ కాలంలో మామూలు మూతతో, లేదంటే నాలుగు పౌనుల మూతతో పనిచేయడానికి టంకం పెట్టినది. ఆ చెమ్మ అతుకు విచ్చుకుంటున్నదానికి మొదటి గుర్తు.

మరగడానికి అసలు కారణం మీ నీళ్లలోనే ఉందని అనుకుంటున్నాను. కనిగిరి ప్రాంతపు బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడు గుర్తుకొస్తుంది. అది ఎముకలకు చేసే చేటు వేరు. రేడియేటరుకు చేటు చేసేది ఆ నీళ్లలోని సున్నపు లవణాలు. వేడెక్కిన చోటల్లా అవి గొట్టం లోపల తెల్లగా పొరకడతాయి. ఇంజను వేడెక్కాక ఆపి, ఫ్యాను పూర్తిగా నిలిచిన తరువాత రేడియేటరు ముందు భాగం మీద అరచేతిని పై నుంచి కిందికి మెల్లగా జరపండి. మధ్యలో చల్లగా తగిలిన చోటల్లా గొట్టాలు పూడిపోయాయి.

శుభ్రం చేయడానికి బాత్రూము యాసిడ్ వాడకండి, అది ఇత్తడినీ టంకాన్నీ తినేస్తుంది. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పును పది లీటర్ల నీటికి అరకిలో చొప్పున కలిపి నింపి, ఇంజనును గోరువెచ్చగా అరగంట తిప్పి, వదిలేసి, మంచి నీటితో కింది నుంచి పైకి ఎదురు కడగండి. నీళ్లు తేటగా వచ్చేవరకు కడిగి, చివరిసారి కొద్దిగా చాకలి సోడా కలిపిన నీళ్లతో కడిగితే మిగిలిన పులుపు విరుగుతుంది. సున్నం పోయాక కొత్త చోట్ల కారితే కంగారు పడకండి, ఇన్నాళ్లూ ఆ చిల్లులను మూసింది ఆ సున్నమే; చిలుము గోకి మాటు వేయించవచ్చు. ఆ తరువాత డిస్టిల్డు వాటరుతో కలిపిన కూలెంటు పోయండి. దారిలో అవసరమైతే బోరు నీటికన్నా వాననీరు గానీ చెరువు నీరు వడగట్టి గానీ మేలు. థర్మోస్టాట్ తీసేసి ఉంటే మళ్లీ పెట్టించండి.

ప్రశ్న: నా పాత లారీకి హ్యాండు బ్రేకు బాగా పట్టుతుంది. మొన్న వెనుక చక్రం మార్చడానికి హ్యాండు బ్రేకు లాగి జాకీ ఎత్తాను. చక్రం నేలను వదలగానే బండి ముందుకు కదిలి జాకీ మీది నుంచి జారింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. కారణమేమిటి? ఈ బండిని దోర్నాల మీదుగా శ్రీశైలం తీసుకువెళ్లాలని ఉంది.
– ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: మీరు క్షేమంగా ఉన్నందుకు సంతోషం. ఆ కాలపు చాలా లారీలలో హ్యాండు బ్రేకు చక్రాలకు ఉండదు. గేర్‌బాక్సు వెనుక, వెనుక యాక్సిల్‌ను తిప్పే ప్రొపెల్లరు షాఫ్టు మీద ఒక చిన్న డ్రమ్ముగా ఉంటుంది. షాఫ్టు ఆగి ఉన్నా, ఒక వెనుక చక్రం నేలను వదిలితే రెండు వెనుక చక్రాలను వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ గుండా అది ఒక వైపుకూ, నేల మీది చక్రం ఇంకో వైపుకూ స్వేచ్ఛగా తిరగగలవు. మీ హ్యాండు బ్రేకులో ఏ లోపమూ లేదు. ఆ ఏర్పాటే అంత. బండిని గేరులో పెట్టినా ఇదే జరుగుతుంది. అందువల్ల జాకీ ఎత్తే ముందు నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనుకా దిమ్మలు పెట్టాలి. నడుస్తున్న బండిని ఆపడానికి కూడా ఆ బ్రేకును వాడకండి, ఆ కుదుపు షాఫ్టు జాయింట్ల మీదా డిఫరెన్షియల్‌లోని క్రౌను చక్రపు పళ్ల మీదా పడుతుంది.

నల్లమల ఘాటుకు వెళ్లే ముందు, పై జవాబులో చెప్పినట్టు లైనింగు, సిలిండర్లు, ఆయిలు అన్నీ చూసుకోండి. పాత ఆయిలులో తేమ చేరి ఉంటే, దిగుడులో డ్రమ్ముల వేడికి ఆ నీరు ఆవిరై పెడలు ఒక్కసారిగా నేలకు తగులుతుంది. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కారో దిగేటప్పుడు ఆ గేరులోనే దిగండి. దిగుడు మొదలయ్యాక గేరు మార్చడానికి ప్రయత్నించవద్దు. పాత గేర్‌బాక్సులో న్యూట్రలుకు వచ్చిన గేరు మళ్లీ పడకపోతే బరువంతా బ్రేకుల మీదికి వస్తుంది. పెడలు మీద కాలు ఆనించి ఉంచకుండా, గట్టిగా నొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదలండి. వదిలిన ఆ కొద్దిసేపట్లోనే డ్రమ్ములకు గాలి తగిలి చల్లారుతాయి. మలుపు దగ్గర ఆగి దిగినప్పుడు నాలుగు డ్రమ్ముల దగ్గరా చేయి తాకించకుండా బెత్తెడు దూరంలో పెట్టి చూడండి. మూడింటి కన్నా ఒకటి బాగా వేడిగా తెలిస్తే ఆ చక్రం పట్టేస్తోంది. చల్లారేవరకు అక్కడే ఉండి, ఆ చక్రం షూను కొద్దిగా వదులు చేసి, వెనక్కు మార్కాపురానికి తిరిగి రండి.